ఒకటి, ఆరు, ఎనభై అయిదు

పదకొండింటికి పిలుస్తారన్నారు. ఇప్పుడు పదీ అయిదు. అంటే ఇంకో గంట ఈ బల్ల మీద కూచోవాలి, ఒళ్ళో ఈ పుస్తకం పెట్టుకుని. జిరాక్సు కాపీ పనికిరాదు, అసలు రిజిస్టరే కావాలన్నారు, అందుకని పొద్దున్నే బడి బీరువాలోంచి తీసి పాత దిండు గలీబులో చుట్టి, రెండు బస్సులు మారి, గోదావరి దాటి రాజమండ్రి కోర్టుకి మోసుకొచ్చాను. మా బడి అడ్మిషన్ రిజిస్టరు. అందులో నూట పద్నాలుగో పేజీ, పై నుంచి ఆరో వరస, పేరు గంగరాజు, తండ్రి పేరు తాతాజీ, పుట్టిన తేదీ ఒకటి, ఆరు, ఎనభై అయిదు, పక్కన నా సంతకం, మాణిక్యాంబ అని ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ లెక్కన వాడు నడిపిన బోటు తిరగబడిన రోజుకి వాడికి పద్దెనిమిదేళ్ళు నిండి అయిదు నెలల పదిహేను రోజులు. పెద్దవాడు, పెద్దవాళ్ళ కోర్టు, పెద్దవాళ్ళ జైలు. వాడు నిజంగా పుట్టిన రోజు లెక్కేస్తే సరిగ్గా పదిహేడేళ్ళ మూడు నెలలు. అప్పుడు పిల్లాడు, పిల్లల హోముకి పంపుతారు, పిల్లాడి చేతికి బోటు ఎందుకిచ్చావని యజమాని హరిబాబుని అడుగుతారు. ఎముకల పరీక్ష చేసిన డాక్టరు పదిహేడు నుంచి పందొమ్మిది లోపు అని రాసి చేతులు దులుపుకున్నాడు. ఇక మిగిలింది నా ఒళ్ళో ఉన్న పుస్తకం. మధ్యలో తేడా పద్నాలుగు నెలల పదిహేను రోజులు, ఆ పద్నాలుగు నెలల పదిహేను రోజులూ నేను నా చేత్తో రాసినవి.

వరండాలో ఎంతమంది ఉన్నారో వచ్చిన అయిదు నిమిషాల్లోనే లెక్కపెట్టేశాను. ముప్పై అయిదేళ్ళ అలవాటు, ఎక్కడ నలుగురు కనిపించినా మనసులో హాజరు వేసుకోకుండా ఉండలేను. నల్లకోట్లు పదకొండు, పోలీసులు ముగ్గురు, టీ గ్లాసుల స్టాండు పట్టుకుని తిరుగుతున్న మనిషి ఒకడు, ఆ చివర స్తంభానికి ఆనుకుని గుండు చేయించుకున్న ఒకాయన, నాకు ఎదురుగా నేల మీద వీరవేణి. గంగరాజు తల్లి. నా పక్కన ఇద్దరికి సరిపడా చోటుంది, ఇలా వచ్చి కూచో వీరవేణీ అన్నాను. పర్లేదండి అంది, అక్కడే ఉంది. కోపమైతే బాగుండును, కోపం కాదది, టీచరు గారి పక్కన బల్ల మీద కూచోకూడదనే భయం, ఆ ఊరికి ఆ భయం నేర్పిన దాన్ని నేనే. గంగరాజు కాన్పు రోజు కూడా ఇలాగే. పడుకోవడానికి బల్లలు నాలుగు దగ్గరికి జరిపించాను, బల్లలు పాడైపోతాయండి అంటూ నేల మీదే పడుకుంది, నొప్పులు పడుతున్న మనిషి బడి బల్లల గురించి ఆలోచించింది.

ఎనభై ఆరు వరద. ఏటిగట్టు మీద కాస్త ఎత్తున ఉన్నది మా బడి ఒక్కటే, ఊరు ఊరంతా రెండు గదుల్లోకీ వరండాలోకీ ఎక్కేసింది, మేకలతో సహా. ఆగస్టు పదిహేను, కింద మెట్టు దాకా నీళ్ళు, అయినా జెండా ఎగరేయించాను, తడిసిన పిల్లల్ని వరసలో నిలబెట్టాను, నాకు అదో మొండితనం. మర్నాడు పొద్దున్న రెండో మెట్టు మునిగింది, ఒకటో తరగతి గదిలో రెండు చీరలు అడ్డం కట్టారు. బిడ్డ ఏడుపు వినగానే నేను చేసిన మొదటి పని వాచీ చూసుకోవడం. తొమ్మిదీ పావు, ప్రేయర్ టైము. బొడ్డు కోసిన ముసలమ్మ బిడ్డని తెచ్చి నా చేతుల్లోనే పెట్టింది, తడిగా, వేడిగా, పిడికెడు. గోదారమ్మ ఇచ్చినోడు, గంగరాజనండి అంది వీరవేణి చీర అవతల నుంచి. పంచాయతీ ఆఫీసు మునిగింది, దానితోపాటు దాని పుస్తకాలూ మునిగాయి, ఆ నెలలో పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ ఎవరూ ఎక్కడా రాయలేదు. మా బడి బీరువా మాత్రం చెక్కు చెదరలేదు. ఈ రిజిస్టరు అప్పుడు అందులోనే ఉంది, వాడు పుట్టిన చోటికి నాలుగడుగుల దూరంలో. ఆ రోజే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చి ఉంటే సరిపోయేది. నన్ను ఎవరూ అడగలేదు, అడగని పని చెయ్యడం నాకు అలవాటు లేదు.

పదీ ఇరవై. గలీబులోంచి కలరా ఉండల వాసన వస్తోంది. తొంభయ్యో సంవత్సరం జూను నెలలో బడి వాసన కూడా ఇదే, సెలవుల తరవాత బీరువా తెరిచినప్పుడు. నలభైమంది పిల్లలు లేకపోతే రెండో టీచరు పోస్టు తీసేస్తామని కాగితం వచ్చింది. ముగ్గురు తక్కువయ్యారు. ఒక్కదాన్ని అయిదు తరగతులకీ ఏం చెప్పగలను, రెండో టీచరు హైమ అప్పుడే ఉద్యోగంలో చేరిన పిల్ల, ఎక్కడికో విసిరేస్తారని ఏడుస్తోంది. నేనే ఇంటింటికీ తిరిగాను, వీరవేణి గుమ్మంలోకీ నేనే వెళ్ళాను. ఇంకా నాలుగేళ్ళు కూడా నిండలేదండి అని ఆవిడ అంటే, అదంతా నేను చూసుకుంటానులే, పంపించు అన్నాను. ఆ రోజుల్లో ఊళ్ళల్లో పుట్టిన తేదీ ఎవరు చెప్పగలరు, అందుకు మా దగ్గర ఒక పద్ధతుండేది. పిల్లాణ్ణి నిలబెట్టి కుడిచెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోమనేవాళ్ళం, వేళ్ళకి చెవి అందితే అయిదేళ్ళు నిండినట్టు. అందినవాళ్ళందరికీ జూన్ ఒకటో తారీఖే రాసేవాళ్ళం. మా బడి పిల్లలందరూ జూన్ ఒకటినే పుడతారు, బళ్ళోకి రావడం కోసమే పుట్టినట్టు. గంగరాజు చెయ్యి వేశాడు, వేళ్ళు నడినెత్తి దాటి కాస్త దిగాయంతే. చెవికి ఇంకా రెండంగుళాలుంది. హైమ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. నేను వాడి మణికట్టు పట్టుకుని లాగాను. గట్టిగానే లాగాను, వాడు మెడ వంచేశాడు, నవ్వాడు కూడా, ఆట అనుకున్నాడు, వేలు చెవి కొసకి తగిలింది. తగిలిందా లేదా అన్నాను హైమతో. తగిలిందండి అంది. వాడు నా చేతుల్లో పడి ఏడ్చిన తారీఖు తెలిసిన మనిషిని, ఆ తారీఖున టైము చూసుకున్న మనిషిని, ఎనభై అయిదు అని రాసి, ఇసుక అద్దినంత జాగ్రత్తగా ఊది ఆరబెట్టాను.

పోస్టు ఆ మరుసటేడే తీసేశారు. హైమని నిడదవోలు వైపు వేశారు.

అద్దిన అబద్ధాన్ని ఊరికే వదిలెయ్యలేదు నేను, వల్లె వేయించాను. ఇన్‌స్పెక్టరు గారు వస్తే ఏ పిల్లాణ్ణయినా లేపి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అడిగేవారు. చేతులు కట్టుకుని గడగడా చెప్పాలి. నా పేరు గంగరాజండి, మా నాన్నగారి పేరు తాతాజీ అండి, నా పుట్టిన తేదీ ఒకటి, ఆరు, పంతొమ్మిది వందల ఎనభై... అక్కడ ఆగేవాడు. ఎనభై ఆరండి అనేవాడు. ఇంట్లో వాళ్ళమ్మ వరదేడు పుట్టావురా, ఎనభై ఆరు వరదరా అని రోజూ చెబుతుంటే బళ్ళోకొచ్చి ఎనభై అయిదని ఎలా చెబుతాడు. చెయ్యి చాపమని స్కేలు అంచుతో కొట్టాను. ఎన్నిసార్లని, లెక్కలేదు. మళ్ళీ చెప్పు. ఎనభై ఆరండి. మళ్ళీ చెప్పు. ఆ పిల్లాడు నిజం చెప్పినప్పుడల్లా దెబ్బ తిన్నాడు. చివరికి నేనే ఒక ఉపాయం కనిపెట్టాను, ఎనభై దాకా వచ్చి నా మొహం చూడు, నేను తల ఊపుతాను, అప్పుడు అయిదు అను అని. అయినా ఇన్‌స్పెక్టరు గారొచ్చిన రోజున కంగారులో ఆరే అన్నాడు. ఆయన నవ్వేసి వెళ్ళిపోయారు. నేను సాయంత్రం దాకా వాణ్ణి ఎండలో నిలబెట్టాను.

గుండాయన లేచి నా దగ్గరికొచ్చాడు. టైమెంతయిందండీ అన్నాడు. పదీ నలభై అండి అన్నాను. చేతికి వాచీ ఉంది ఆయనకి, ఆగిపోయినట్టుంది, తియ్యలేదు. మీరు ఎవరి తాలూకండీ అనడిగితే, ఆ కుర్రాడి బడి పంతులమ్మనండి అన్నాను. కాసేపు నా ఒళ్ళోని మూటకేసి చూశాడు.

“మంచి ఈతండి ఆ అబ్బాయిది. మా ఆవిడ కోసం, పాప కోసం మూడుసార్లు మునిగాడు. నాలుగోసారి దిగుతుంటే నేనే పట్టుకున్నానండి.”

అని మళ్ళీ స్తంభం దగ్గరికి వెళ్ళి కూచున్నాడు. తిట్టినా బాగుండేది. కార్తీక మాసం ఆదివారం, పాపికొండలు చూడ్డానికి వచ్చినవాళ్ళు, అరటి డొప్పల్లో దీపాలు వదలాలని పాప అడిగిందట, పేపర్లో రాశారు. ఇంకోవైపుకి తల తిప్పుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చూడను.

మొన్న వేసవిలో గంగరాజు మా ఇంటికొచ్చాడు. నాకంటే రెండు జానలు పొడుగు, గుమ్మంలోనే చెప్పులు విప్పి, చేతులు కట్టుకున్నాడు, పాత భయం. ఏడో తరగతితో చదువు ఆపేసి వాళ్ళ నాన్న తాతాజీతో లాంచీల మీద పెరిగాడు, తాడు విసరడం దగ్గర్నుంచి ఇంజను విప్పి బిగించడం దాకా వచ్చు, ఏ రేవులో ఎంత లోతో చెప్పగలడు. బోటు నడిపే సరంగు సర్టిఫికెట్టు వస్తే హరిబాబు గారు కొత్త టూరిస్టు బోటు నాకే ఇస్తానంటున్నారండి, పద్దెనిమిది నిండినట్టు కాగితం కావాలండి అన్నాడు. నిండాయా అనడిగాను, నేనే. మీ పుస్తకంలో నిండాయి కదండీ అన్నాడు. ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు. ఇంకో ఏడాది ఆగు నాయనా, అది నేను లాగిన చెయ్యి, నీ వయసు కాదు అని. రికార్డులో తేదీ దిద్దడం ఎంత పెద్ద నేరమో నాకు తెలుసు, దిద్దాలంటే ముందు తప్పు రాశానని ఒప్పుకోవాలి, పైగా రిటైర్మెంటు ఏడాదిలోకి వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసి ముద్ర వేసి ఇచ్చాను. ఉన్నది ఉన్నట్టు. ఎంత హాయిగా ఉంటుందో ఆ మాట.

పరీక్ష రేవులోనే పెట్టారు, నేనూ చూడ్డానికి వెళ్ళాను, నా శిష్యుడు కదా. ఏరు సగం దాకా ఈది వచ్చాడు, రకరకాల ముళ్ళు వేశాడు, కళ్ళు మూసుకుని ఇంజను ఆపాడు. ఎంతమందిని ఎక్కిస్తావు అంటే నలభై మందినండి. జాకెట్లెప్పుడు ఇస్తావు అంటే తాడు విప్పకముందేనండి. బోటు ఒరిగితే అంటే ఇంజను ఆపి, అందరూ ఒక పక్కకి వచ్చెయ్యకుండా కూచోబెడతానండి. ఒక్కటి తప్పలేదు. పరీక్ష పెట్టినాయన మెచ్చుకుని భుజం తట్టారు. వారం తరవాత సర్టిఫికెట్టుకి ప్లాస్టిక్ అట్ట వేయించుకుని, కోవా పొట్లంతో వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఫొటోలో మీసం ఇంకా సరిగ్గా రాలేదు. నేను కోవా తిన్నాను, బాగుందన్నాను కూడా.

పద్నాలుగు నెలల్లో ఏం మారుతుంది, అని నెల రోజులుగా నాతో నేను వాదించుకుంటున్నాను. బోటు తగులుకున్న నీటి కింది ఇసుక మేట పద్దెనిమిది నిండినవాడికైనా కనపడదు. ముప్పై ఏళ్ళ సరంగుకైనా బోటు ఒరిగేది. అలా సర్దిచెప్పుకుని పడుకుంటాను, కానీ ఆ పొద్దున్న రేవులో జరిగింది వీరవేణి చెప్పింది, అది గుర్తొస్తే సర్దుకోదు. హరిబాబు నలభైమంది ఎక్కాల్సిన బోటులో అరవై రెండుమందిని ఎక్కించాడు. జాకెట్లు కొత్తవి, మాసిపోతాయని కింద అరలో పెట్టి తాళం వేసి, తాళంచెవి గుమాస్తా జేబులో వేసుకుని ఒడ్డునే ఉండిపోయాడు. గంగరాజు ఎక్కువైపోయారండి అన్నాడట ఒకసారి. ఏంటి, బోటు నీదా నాదా అన్నాడట హరిబాబు. సరేనండి అని తాడు విప్పేశాడట. అక్కడ ఆగుతాను నేను, ప్రతిసారీ అక్కడే. పద్దెనిమిది అని పెట్టింది ఈత కోసం కాదు, ముళ్ళ కోసం కాదు, అవి వాడికి పన్నెండేళ్ళకే వచ్చు. పెద్దవాడు ఎదురుగా నిలబడి తప్పు చెప్పమంటే నేను చెప్పనండి అనగలగడం కోసం. ఆ ఏడాదిలో వాడికి అది వచ్చేదేమో, రాకపోయేదేమో, నేను ఆ ఏడాదిని ముందే కోసి పారేశాను. పైగా సరేనండి అనడం వాడికి ఎక్కడ అలవాటయింది. ఎండలో నిలబెట్టినప్పుడు కూడా సరేనండి అనే నిలబడ్డాడు.

పదీ యాభై రెండు. టీ తాగుతారా అమ్మగారూ అంటున్నాడు స్టాండు మనిషి, వద్దన్నాను. నిన్న సాయంత్రం హరిబాబు తరఫు ప్లీడరు ఇంటికొచ్చాడు, ఎంతో మర్యాదగా, చెప్పులు బయట విడిచి. మీ రికార్డు కరెక్టని ఒక్క ముక్క చెబితే చాలండి, తప్పని చెబితే మీ మీదే కేసవుతుంది, పెన్షను ఆగుతుంది, ఎందుకొచ్చిన గొడవ చెప్పండి అన్నాడు. భయం వేసింది, ఎందుకు దాచాలి, రాత్రంతా వేసింది. కానీ పొద్దున్న బస్సు వంతెన ఎక్కింది, కింద గోదావరి ఏమీ ఎరగనట్టు పారుతోంది, పక్క సీట్లో వీరవేణి ఉంది, అక్కడ మాత్రం నా పక్కన కూచోక తప్పలేదు ఆవిడకి. బస్సు వంతెన దిగేముందు కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

“మీరు రాసిందేనండి. మీరే చెరిపెయ్యండి.”

చెరిపేస్తాను. చెవి అందలేదండి, నేను లాగానండి, ఎనభై ఆరు ఆగస్టు పదహారు, ఉదయం తొమ్మిదీ పావు, మా బళ్ళోనే పుట్టాడండి అంటాను. నలుగురి ముందూ అంటాను. కేసు పెట్టుకోనీ, పెన్షను ఆపుకోనీ. ఆ మాటలు పొద్దుటి నుంచి వల్లె వేస్తున్నాను, పెదాలు కదులుతున్నాయేమో, వీరవేణి నాకేసే చూస్తోంది. వాడు కూడా సరిగ్గా చెబుతాడండి, జైలు దగ్గర ఎనభై ఆరు అనమని నిన్న చెప్పి వచ్చానండి అంటోంది. అయితే ఇద్దరం ఒకటే మాట చెబుతాం. నెల రోజుల్లో మొదటిసారి ఊపిరి ఆడినట్టుంది.

పిలిచారు. పదకొండు కూడా కాలేదు. లోపల ఫ్యాను తిరుగుతోంది, బల్ల వెనక జడ్జి గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు, నాకంటే చిన్నాయన, మా ఇన్‌స్పెక్టరు గారిలాగే పలచటి మనిషి. గలీబు విప్పి పుస్తకం బల్ల మీద పెట్టాను, నూట పద్నాలుగో పేజీ తీసి. పక్క తలుపులోంచి గంగరాజుని తెచ్చారు. చిక్కిపోయాడు. ఎవరో ఇచ్చిన చొక్కా, భుజాల దగ్గర వదులు. తల్లిని చూశాడు, నన్ను చూశాడు, పుస్తకాన్ని చూశాడు. పుస్తకం చూడగానే వాడి చేతులు వాటంతటవే లేచి కట్టుకున్నాయి. ముందు నన్ను అడుగుతారనుకున్నాను, మాట గొంతు దాకా వచ్చి ఉంది, ఆయన వాడివైపు తిరిగారు.

“పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ చెప్పు బాబూ.”

అదే వరస. అయ్యా అలా అడక్కండి అనాలనుకున్నాను. నా పేరు గంగరాజండి. మా నాన్నగారి పేరు తాతాజీ అండి. నా పుట్టిన తేదీ ఒకటి, ఆరు... ఒకటి, ఆరు అనేశాడు అప్పటికే, పదహారు, ఎనిమిది అని వాడికి ఎవరూ వల్లె వేయించలేదు కదా. పంతొమ్మిది వందల ఎనభై, అని ఆగాడు. వెనక వీరవేణి గాజుల చప్పుడు. ఆగి నా మొహంకేసి చూశాడు. పరవాలేదు నాయనా, మీ అమ్మ చెప్పిందే చెప్పు, నిజం చెప్పు, నేనున్నాను అని నేను తల ఊపాను.

“అయిదండి” అన్నాడు.

కోర్టు గుమాస్తా రాసుకున్నాడు. హరిబాబు ప్లీడరు కాగితాలు సర్దుకున్నాడు. ఈ దస్తూరీ మీదేనా అమ్మా అనడిగారు జడ్జి గారు, నాదేనండి, కానీ అది తప్పండి, వీడు పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నానండి, చెవి అందకపోతే నేనే చెయ్యి లాగానండి అని ఎక్కడా ఆగకుండా చెప్పాను, అనుకున్న మాటలన్నీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. పుస్తకంకేసి చూశారు, వాడికేసి చూశారు. పిల్లల మీద అభిమానం ఉంటుందమ్మా, అర్థమవుతుంది, కానీ వాడే చెప్పాడు కదా అన్నారు.

గంగరాజు ఇంకా చేతులు కట్టుకునే ఉన్నాడు. నాకేసి చూస్తున్నాడు, బాగా చెప్పానా టీచరుగారూ అన్నట్టు. పన్నెండేళ్ళలో మొదటిసారి, ఒక్క తప్పు లేకుండా చెప్పాడు.